లెక్కకు రాని పాఠకురాలు

'డేటా అబద్ధం చెప్పదు' అనే మాట ఈ మధ్య గ్రంథాలయ సదస్సుల్లో మంత్రంలా వినిపిస్తోంది. కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో ఇన్నేళ్ళుగా పోగుపడ్డ ఇష్యూ రికార్డుల్ని ఒకచోట చేర్చి, కంప్యూటర్‌తో జల్లెడ పట్టి, ఏ పుస్తకం కొనాలో, ఏది తీసెయ్యాలో, ఏ విద్యార్థికి ఏం కావాలో తేల్చుకోవాలట. ఒకచోట చేర్చడాన్ని డేటా వేర్‌హౌసింగ్ అంటున్నారు, జల్లెడ పట్టడాన్ని డేటా మైనింగ్ అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. మన లైబ్రరీల బడ్జెట్లు ఎంత బక్కచిక్కి ఉన్నాయో తెలిసినవాళ్ళెవరూ లెక్క వద్దనరు. నేనూ వద్దనను. నా తగువంతా ఎవరిని లెక్కపెడుతున్నారు, ఎవరిని వదిలేస్తున్నారు, ఎవరి వివరాలు ఎవరి చేతికి చేరుతున్నాయి అన్నదాని మీదే. డేటా అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ దానికి ఎంత చెప్పారో అంతే చెబుతుంది. సాహిత్య చరిత్ర పొడుగునా మన సంగతి ఎవరూ సరిగా రాసిపెట్టలేదని తెలిసినవాళ్ళం మనం. ఆ చెప్పినంతలో మనం ఎంత ఉన్నామో అడక్కుండా ఎట్లా ఊరుకుంటాం?

మైనింగ్ అనే మాట నాకు కంప్యూటర్ పాఠాల్లో పరిచయమైంది కాదు. నేను పుట్టి పెరిగింది సింగరేణి శ్రీరాంపూర్‌లో, నస్పూర్ కాలనీ క్వార్టర్లలో. మా బాపు ఆర్కే-7 గని కార్మికుడు. బొగ్గుబాయిలోకి దిగి పనిచేసే కాలం నుంచి ఓపెన్‌కాస్టు దాకా చూసిన ఊరు మాది. ఓపెన్‌కాస్టులో బొగ్గు పొర మీద ఉన్న మట్టికీ రాయికీ చెట్టుకీ చెల్కకీ అన్నిటికీ ఒకటే పేరు: ఓవర్ బర్డెన్. మావాళ్ళు 'ఓబీ' అంటారు. తవ్వి తీసి ఊరి పక్కన గుట్టలుగా పోసేది దాన్నే. ఆ మట్టిలో పంట పండింది, ఆ చెట్టు కింద మనుషులు కూర్చున్నారు. అయినా తవ్వేవాళ్ళకు కావలసింది బొగ్గు ఒక్కటే గనక మిగతాదంతా అడ్డమే. ఏది బొగ్గు, ఏది ఓబీ అన్న నిర్ణయం తవ్వకానికి ముందే జరిగిపోతుంది. లైబ్రరీ రికార్డుల్ని తవ్వుతామంటున్నవాళ్ళని నేనడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే. మీ ఓబీ కుప్పలో ఎవరున్నారు?

పని ఎట్లా జరుగుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి, సాహిత్యం మనుషులం కదా అని ఇక్కడ తప్పుకుంటే మన బదులు ఇంకెవరో నిర్ణయిస్తారు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది ఒక రికార్డు. ఆ విద్యార్థి ఏ గ్రూపు, ఏ సంవత్సరం, ఏ కులం కోటా, ఏ ఊరు అన్నది అడ్మిషన్ రికార్డు. ఆన్‌లైన్ జర్నళ్ళలోకి ఎవరు ఎప్పుడు వెళ్ళారన్నది ఇంకొకటి. వీటన్నిటినీ బయటికి తీసి, తప్పులు దిద్ది, ఒకే అచ్చులో పోసి, ఏళ్ళ తరబడి నిలవచేసేదే వేర్‌హౌస్. బిల్ ఇన్మన్ 1992లో రాసిన పుస్తకంతో ఈ మాట స్థిరపడింది. దాన్ని తవ్వే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నదాన్ని 1993లో రాకేశ్ అగర్వాల్, ఆయన సహచరులు ఇద్దరు వివరించారు. అది అసలు దుకాణాల కోసం పుట్టింది. ఒక బుట్టలో ఏ సరుకుతోపాటు ఏ సరుకు పోతోందో కనిపెట్టడం దాని పని. 2003లో స్కాట్ నికల్సన్, జెఫ్రీ స్టాంటన్ లైబ్రరీల్లో చేసే తవ్వకానికి 'బిబ్లియోమైనింగ్' అని పేరు పెట్టారు. ఇంగ్లండ్‌లో హడర్స్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం 2008లో తన ఇష్యూ రికార్డుల్ని మనుషుల గుర్తులు తీసేసి బయటపెట్టింది. ఈ పుస్తకం తీసుకున్నవాళ్ళు ఆ పుస్తకం కూడా తీసుకున్నారని తన కేటలాగులో చూపించింది కూడా.

బుట్టల లెక్కలో ఒక హద్దు ఉంటుంది. దాన్ని 'సపోర్ట్' అంటారు. ఆ హద్దుకు తక్కువసార్లు కనిపించినదాన్ని యంత్రం పట్టించుకోదు. లక్ష లావాదేవీలున్న చోట ఒక శాతం హద్దు పెడితే, వెయ్యిసార్లకు తక్కువ పోయిన పుస్తకం అసలు లెక్కలోకే రాదు. పోటీపరీక్షల గైడు దాటుతుంది. ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకం దాటుతుంది. గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' దాటుతుందా? జూపాక సుభద్ర 'రాయక్క మాన్యం' దాటుతుందా? దళిత స్త్రీ రచనని అడిగే ఎం.ఎ. విద్యార్థిని ఏడాదికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్ళు యంత్రం దృష్టిలో రొద. మనకు వాళ్ళే రేపటి పరిశోధకులు. హద్దు ఎంత పెట్టాలన్నది గణితం చెప్పదు, మనిషి చెబుతాడు. అక్కడ రాజకీయం లేదని ఎవరన్నా నేను నమ్మను.

సరే, హద్దు తగ్గించారనుకుందాం. రికార్డులోకి ఎక్కేది చదువా, ఇష్యూ మాత్రమేనా? మా అమ్మ మంచి పాఠకురాలు. బాపు మస్టర్ పడి బాయికి పోయినంక, ఇంటి పని తెమిలినంక, నీళ్ళ వంతు వచ్చేలోపు ఆమె నవలలు చదివింది. లైబ్రరీ కార్డు మాత్రం బాపుది. తెచ్చిందీ ఇచ్చిందీ ఆయనే. ఆ రికార్డుని ఇవాళ ఎవరైనా తవ్వితే, సింగరేణి మగకార్మికులు రంగనాయకమ్మనీ, యద్దనపూడినీ విపరీతంగా చదివారని తేలుతుంది! అమ్మ చదివిన పుస్తకం మా లైన్లో నాలుగు క్వార్టర్లు తిరిగి గడువు తేదీకి వెనక్కి పోయేది. నలుగురి చదువూ కలిపి రికార్డులో ఒక్క ఇష్యూ, అదీ మగమనిషి పేరు మీద. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్ళని భూగర్భ గనుల్లో పనికి ఒప్పుకోలేదు, 2019లో గానీ ఆ బిగింపు సడలలేదు. గనిలో ఆడవాళ్ళ మస్టర్ లేదు గనక బొగ్గుట్టలో ఆడవాళ్ళు పనే చెయ్యలేదని ఎవరైనా అంటే నవ్వుతాం. లైబ్రరీ లెక్క దగ్గర మాత్రం నవ్వడం మరిచిపోతున్నాం.

ఆ అలవాటు అమ్మల తరంతో పోలేదు. డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పిన ప్రతి ఒక్కరికీ తెలుసు, ఆడపిల్లలు ఒకే కార్డు మీద ముగ్గురు చదువుతారు. ఇంటికి తీసుకుపోతే ఎవరు చూస్తారోనని అరల మధ్య నిలబడే చదివేస్తారు. బస్సు టైము దాటుతుందని ఇష్యూ వరుసలో నిలబడకుండా వెళ్ళిపోతారు. 2017లో మార్చిన నాక్ నమూనాలో లైబ్రరీకి రోజుకు ఎంతమంది వచ్చారన్న లెక్కకూ, ఆన్‌లైన్ లాగిన్‌ల లెక్కకూ మార్కులు పెట్టారు. దానికోసం కాలేజీలు గేటు దగ్గర రిజిస్టర్లు నింపాయి, బార్‌కోడు యంత్రాలు కొన్నాయి. లోపలికి వచ్చిన పిల్ల రెండు గంటలు ఏం చదివిందో ఆ అంకె చెప్పదు. అసలు రాలేకపోయిన పిల్ల ఎందుకు రాలేదో అంతకన్నా చెప్పదు.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. నేను పరిశోధన చేసిన ఒక విశ్వవిద్యాలయ లైబ్రరీలో చోటు చాలడం లేదని 'సున్నా ఇష్యూ' జాబితా ఒకటి తీశారు. పదేళ్ళుగా ఒక్కసారి కూడా బయటికి పోనివాటిని తొలగించాలన్నది నిర్ణయం. ఆ జాబితాలో తెలుగు స్త్రీల పత్రికల బైండు సంపుటాలు వరసగా ఉన్నాయి. నా సిద్ధాంత వ్యాసంలో రెండు అధ్యాయాలు వాటి మీదే నిలబడ్డాయి. నాకు ముందు చదివినవాళ్ళ పెన్సిలు గీతలు కూడా వాటిలో ఉన్నాయి. మరి సున్నా ఎట్లా వచ్చింది? బైండు సంపుటాలు ఇంటికి ఇవ్వరాదన్నది ఆ లైబ్రరీ నియమమే! ఇవ్వకూడదని తామే రాసిపెట్టుకుని, ఎవరూ తీసుకోలేదు గనక అక్కర్లేదని తామే తేల్చారు. నేనూ ఇంకో ఇద్దరు పరిశోధక విద్యార్థినులూ విజ్ఞప్తి రాసుకుని తిరిగితే కొన్ని మిగిలాయి, కొన్ని అప్పటికే పాతకాగితాల వేలంలో పోయాయి. సంతకం పెట్టిన అధికారి మంచివాడే. 'మేడమ్, సిస్టమ్ అట్లా చూపించింది' అన్నాడు. ఎవరూ బాధ్యులు కాని చోట జరిగే నష్టం ఇట్లాగే ఉంటుంది.

సున్నాకి మన సాహిత్యంలో ఎంత చరిత్ర ఉందో ఒకసారి చూడండి. ముద్దుపళని 'రాధికా సాంత్వనం'ని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో వెలువరించారు. మరుసటేడే అది అశ్లీలమని ప్రభుత్వం ప్రతులు పట్టుకుంది. స్వాతంత్ర్యం నాటికి గానీ నిషేధం తొలగలేదు. అన్నేళ్ళపాటు ఆ పుస్తకం ఇష్యూ సంఖ్య ఎంత ఉంటుంది? సున్నాయే కదా. ఆ సున్నా పాఠకుల అభిరుచికి కొలమానమా, రాజ్యానికీ పండితులకూ కలిసొచ్చిన నీతికి కొలమానమా? భండారు అచ్చమాంబ 'ధన త్రయోదశి' 1902లో 'హిందూ సుందరి'లో అచ్చయింది. పాత పత్రికల దొంతరలు ఓపికగా తిరగేసినవాళ్ళు ఉండబట్టే, 1910 నాటి 'దిద్దుబాటు'కన్నా ముందే ఒక స్త్రీ తెలుగులో కథ రాసిందని ఇవాళ గట్టిగా చెప్పగలుగుతున్నాం. ఆ దొంతరలు దశాబ్దాలపాటు ఎవరికీ అక్కర్లేనట్టే పడి ఉన్నాయి. ఆ రోజుల్లో ఈ సాఫ్ట్‌వేర్ లేకపోవడం మన అదృష్టం.

పుస్తకాలు కదలకపోవడం మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం లైబ్రరీ 1969లో కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం 1975 దాకా ఒక్కసారి కూడా ఇష్యూ కాలేదని 1979లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. దాని మీద అప్పుడే పెద్ద వాదం నడిచింది. మన లైబ్రరీ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ స్వయంగా గణితం మాస్టారు, లెక్కంటే గిట్టనివాడు కాదు. ఆయన 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో మూడోది పుస్తకం వైపునుంచి మాట్లాడుతుంది. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడని, ఆ ఇద్దరినీ కలపడం లైబ్రరీ బాధ్యత అని. పదేళ్ళలోపు కలవాలని ఆయన గడువు పెట్టలేదు.

కలపాలంటే ముందు పుస్తకం కనబడాలి. మన పుస్తకాలు కేటలాగుల్లో ఏ స్థితిలో ఉన్నాయి? డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యమంతటికీ 894.827 అన్న ఒక్క సంఖ్యే. దాని కింద ప్రక్రియ ఉంటుంది, కాలం ఉంటుంది. విషయశీర్షికలు శ్రద్ధగా పెట్టకపోతే గృహహింస గురించి రాసిన కథలూ, బొగ్గుబాయి కార్మికుల భార్యల మీద రాసిన కథలూ 'తెలుగు కథలు' అన్న ఒకే మూటలో కలిసిపోతాయి. పెట్టడం లేదని కేటలాగు వెతికిన మనందరికీ తెలుసు. రాజ్ రెడ్డి వంటివారు మొదలుపెట్టిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాల్ని స్కాన్ చేసింది. ఎంతో గొప్ప పని అది. కానీ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించారు. ఆ రాతలో కలం, కాలం, కళ్ళం మధ్య తేడా తెలుసుకోవడం మీ ఓపిక. ఆ సైటు మూతబడ్డాక పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలాయి, ఆ తప్పుల పేర్లు కూడా వాటితోపాటే మిగిలాయి.

రచయిత్రుల పేర్ల సంగతి మరీ అన్యాయం. పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు, పొడి అక్షరాలు, కలం పేరు. ఓల్గా, ఓల్గ, పోపూరి లలితకుమారి అన్నవి ఒక్కరేనని చెప్పే మనిషి లేకపోతే గిడ్డంగిలో ముగ్గురు రచయిత్రులు ఉంటారు, ముగ్గురి ఇష్యూలూ మూడు ముక్కలవుతాయి, మూడూ హద్దు దాటవు. మరోవైపు 'పురాణం సీత' పేరుతో రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మ. 'బీనాదేవి' అంటే భార్యాభర్తలిద్దరు, భర్త పోయాక భార్య ఒక్కరే. యంత్రానికి ఇవేవీ తెలియవు. తెలిసిన మనిషిని, అంటే తెలుగు చదువుకున్న కేటలాగరుని నియమించడానికి డబ్బులుండవు. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కి మూడేళ్ళకు 6,000 కోట్లు ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థల జర్నళ్ళు దాదాపు 13,000 ఇప్పుడు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. చిన్న ఊళ్ళ కాలేజీలకు అవి అందడం మంచిదే, నేనూ వాడుతున్నాను. అందులో వెయ్యోవంతు పెట్టినా భారతీయ భాషల కేటలాగుల రూపం మారిపోతుంది కదా అన్నదే నా బాధ.

ఇక్కడ తమాషా చూడండి. పుస్తకం గురించి ఇంత తక్కువ తెలిసిన లైబ్రరీకి పాఠకురాలి గురించి అన్నీ తెలుసు. ఫోటో, ఫోన్ నంబరు, కులం, చిరునామా, ఏ రోజు ఏ గంటకు ఏం తీసుకుందో కూడా. అతిథి అధ్యాపకురాలిగా నేను పనిచేసిన ఒక కాలేజీలో ఆటోమేషన్ పేరుతో పుస్తకం తీసుకోగానే సందేశం పోయే ఏర్పాటు చేశారు. సందేశం పోయేది అడ్మిషన్ ఫారంలో రాసిన నంబరుకి. అది నూటికి తొంభైమంది ఆడపిల్లల విషయంలో తండ్రిదో అన్నదో. 2005 గృహహింస చట్టం మీద తెలుగులో వచ్చిన చిన్న పుస్తకం తీసుకున్న అమ్మాయిని ఆ సాయంత్రమే ఇంట్లో నిలదీశారు. ఎవరికోసం చదువుతున్నావు, ఎవరు చెప్పారు అని. ఆమె తీసుకున్నది అక్క కోసం. ఆ తర్వాత ఆ అమ్మాయి లైబ్రరీకి రావడం మానేసింది. గేటు లెక్కలో ఒకటి తగ్గింది. 'ఆసక్తి తగ్గిన విద్యార్థిని' అని యంత్రం రాసుకుని ఉంటుంది.

చదివిన పుస్తకాల జాబితా ప్రమాదకరమన్నది తెలంగాణవాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నిజాం పాలనలో సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 కింద అనుమతి కావాలి. తెలుగు గ్రంథాలయం పెట్టినవాళ్ళు పోలీసుల అనుమానంలో బతికారు. ఆ తర్వాత మా ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఇంట్లో ఏ పుస్తకం దొరికిందన్నది కేసుల్లో సాక్ష్యం అయిన కాలం మా పెద్దవాళ్ళందరికీ గుర్తే. 2018 ఆగస్టు 28న పుణె పోలీసులు హైదరాబాద్ ఇఫ్లూలో ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇల్లు సోదా చేశారు. ఇన్ని పుస్తకాలెందుకని, అంబేద్కర్, ఫూలే బొమ్మలెందుకని అడిగారని ఆయన బయటికొచ్చి చెప్పారు. ఆయన భార్యను బొట్టూ నగలూ ఎందుకు లేవని అడిగారట. చదువు మీదా ఆడదాని ఒంటి మీదా ఒకే నోటితో ప్రశ్న వేయడం చూశారా? ఇంటి అరల్లోని పుస్తకాలకే ఇంత జరిగితే, ఇరవై ఏళ్ళ చదువుని తేదీలతో సహా నిలవచేసిన గిడ్డంగి ఎవరి చేతికైనా అందితే ఏమవుతుంది? అమెరికాలో 2005లో పేట్రియాట్ చట్టం కింద రికార్డులడిగితే కనెక్టికట్ రాష్ట్రపు లైబ్రేరియన్లు నలుగురు కోర్టుకెక్కారు, ఇవ్వలేదు. అక్కడ దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ లైబ్రరీ రికార్డుల గోప్యతకు చట్టం ఉంది. మనకు 2017లో పుట్టస్వామి తీర్పుతో గోప్యత ప్రాథమిక హక్కయింది. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. చదివిన పుస్తకాల గురించి ప్రత్యేకంగా ఒక్క మాటా అందులో లేదు.

'మీరన్నవన్నీ నిజమే గానీ చోటు లేదు, మనుషులు లేరు, ఏదో ఒక ఆధారం కావాలి కదా' అని లైబ్రేరియన్ మిత్రులు అంటారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళలో చాలామంది కాంట్రాక్టు ఉద్యోగుల జీతాలతో మూడు మనుషుల పని చేస్తున్న ఆడవాళ్ళే. ఆధారం తీసుకోండి. కానీ దాన్ని తలకిందులుగా నిలబెట్టకండి. పుస్తకం గురించి అన్నీ తెలుసుకోండి, పాఠకురాలి గురించి మరిచిపోండి. నికల్సన్ కూడా తవ్వకానికి ముందు మనుషుల గుర్తులు తీసెయ్యమనే చెప్పాడు. ఎక్కువమంది వాడుతున్న కోహా సాఫ్ట్‌వేర్‌లో పుస్తకం తిరిగి వచ్చాక ఎవరు చదివారన్న ముడి తెంపేసే వీలు ఇప్పటికే ఉంది. కావలసింది ఆ మీట నొక్కే ఉద్దేశం.

అందుకని మనం అడగవలసినవి అడుగుదాం. తెలుగు పుస్తకం తెలుగు లిపిలో కేటలాగులోకి ఎక్కాలి, రచయిత్రి పేర్లన్నీ ఒకచోట కలవాలి, పత్రికల బైండు సంపుటాల్లో ఏ సంచికలో ఏముందో సూచిక ఉండాలి. సున్నా ఇష్యూ ఒక్కటే కారణంగా ఒక్క పుస్తకాన్ని కూడా తొలగించకూడదు. బల్లల మీద వదిలేసిన పుస్తకాల్ని అరల్లోకి సర్దేటప్పుడు లెక్కపెడితే అక్కడే కూర్చుని చదివినవాళ్ళు కూడా లెక్కలోకి వస్తారు. తొలగించే ముందు ఆ ప్రతి ఇంకెక్కడైనా ఉందో లేదో ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఉమ్మడి కేటలాగు ఇండ్‌క్యాట్‌లో చూడాలి, ఆ భాషాశాఖవాళ్ళూ స్త్రీ అధ్యయన కేంద్రంవాళ్ళూ చూసి సంతకం పెట్టాలి. సందేశం పోతే చదివే మనిషి నంబరుకే పోవాలి, అందులో పుస్తకం పేరు ఉండకూడదు. తల్లిదండ్రులకీ హాస్టల్ వార్డెన్‌కీ శాఖాధిపతికీ ఇష్యూ రికార్డు చూపించకూడదు. జర్నళ్ళ కంపెనీలు మన లాగిన్‌లతో ఏం చేస్తున్నాయో ఒప్పందంలో రాయించుకోవాలి. ఆ 30 సంస్థల్లో ఉన్న ఎల్సెవియర్‌కి సోదర సంస్థ లెక్సిస్‌నెక్సిస్ అమెరికాలో వలసదారుల్ని పట్టుకునే ప్రభుత్వ శాఖకు 2021 నుంచి సమాచారం అమ్మింది. ఇది మరిచిపోదగిన సంగతి కాదు.

మనలో చాలామంది ఏదో ఒక కాలేజీలో, విశ్వవిద్యాలయంలో ఉన్నాం. లైబ్రరీ కమిటీలో పేరు ఉండి కూడా సమావేశానికి పోనివాళ్ళం ఉన్నాం. ఈసారి పోదాం. తొలగింపు జాబితా చూపించమందాం. నేను చదివినవి ఎన్నేళ్ళు దాచిపెడతారో అడుగుదాం. ఆ జాబితా ఎవరెవరు చూడగలరో రాతపూర్వకంగా ఇమ్మందాం. 'సిస్టమ్ అట్లా చూపించింది' అన్న జవాబు వస్తే, ఆ సిస్టమ్‌కి అట్లా చూడమని చెప్పిందెవరో కూడా అడిగి, పేరు రాసుకుని వద్దాం.